క్యాన్సర్ ముందస్తు పరీక్షలు – బీమా ఖాతాల సాక్ష్యం

రోగం ముదరక ముందే కనిపెట్టి మందు వేయాలన్న మాటలో లోకంలో ఎవరికీ భేదాభిప్రాయం ఉండదు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు చెప్పిన మాట ఆరోగ్యం విషయంలో మరింతగా వర్తిస్తుంది. క్యాన్సర్ పేరు వింటేనే గుండె జారిపోయే సామాన్యునికి “ఈ పరీక్ష చేయించుకుంటే ముందే తెలిసిపోతుంది” అన్న వాక్యం కంటె ఆశ గొలిపేది మరొకటి లేదు. అయితే ముందుగా తెలియడం వేరు, తెలిసినందువల్ల ప్రాణం నిలవడం వేరు. ఈ రెండింటి మధ్య గల దూరాన్ని కొలవడం ఎలా? ఆ కొలతలో ఆరోగ్య బీమా ఖాతాలు చెప్పే సాక్ష్యం ఎంతవరకు నమ్మదగినది? ఈ ప్రశ్నలను మా శక్తి మేరకు పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. మేము వైద్యులము కాము. వైద్యం చెప్పే సాహసమూ చేయము. లెక్క చూడటం నేర్చిన పౌరులుగా మాత్రమే మాట్లాడుతున్నాము.

ఈ విషయం మా మనస్సుకు రావడానికి ఒక కారణం ఉన్నది. గత విద్యా సంవత్సరంలో మా కళాశాల ఆవరణలో ఒక వైద్య శిబిరం జరిగింది. పేరు చెప్పవలసిన అవసరం లేని ఒక పరీక్షా కేంద్రంవారు తగ్గింపు రుసుముతో రక్తపరీక్షలు చేసి, “క్యాన్సర్ సూచికలు” ఇవిగో అని కాగితాలు పంచిపెట్టారు. మా విద్యార్థిని ఒకరి తల్లిగారికి ఆ కాగితంలో ఒక అంకె హద్దు దాటి ఉన్నది. అది సి.ఎ. 125 అనే సూచిక. అండాశయపు క్యాన్సర్‌లో అది పెరుగుతుంది, నిజమే. కాని గర్భాశయంలో మామూలు గడ్డలు ఉన్నా, కడుపులో క్షయ ఉన్నా కూడా పెరుగుతుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండు నెలల పాటు ఆ ఇంట నిద్ర లేదు. స్కానింగులకు చేసిన అప్పుతో అమ్మాయి పరీక్ష రుసుము ఆలస్యమైంది. చివరకు అది ప్రమాదం లేని గడ్డ అని తేలింది. అల్లాహ్ దయ వలన గండం గడిచిందని అందరూ అనుకున్నారు. నిజానికి అక్కడ గండమే లేదు. దానిని మనమే తెచ్చిపెట్టాము.

అదే వీధిలో మరొక గృహిణి ఆ శిబిరానికి రానేలేదు. పరీక్షించేవారిలో స్త్రీలు లేరని ఆమె ఇల్లు కదలలేదు. జర్దా పాన్ ఏళ్ల తరబడి అలవాటున్న ఆమె నోటిలో మానని పుండు ఒకటి ఉన్నది. దానిని చూడటానికి యంత్రం అక్కరలేదు, ఒక దీపమూ తెలిసిన కన్నూ చాలును. ఆ కన్ను ఆమె వద్దకు చేరలేదు. కొన్ని నెలల తరువాత ప్రభుత్వ కార్డు మీద ఆమెకు పెద్ద శస్త్రచికిత్స జరిగింది. శిబిరం నివేదికలో మాత్రం ఎంతమంది వచ్చారన్న అంకె ఒక్కటే ఉన్నది, దానికి మనమంతా చప్పట్లు కొట్టాము. ఆ అంకె పక్కన వ్రాయని ఈ రెండు కథలే మా చేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నవి.

ముందుగా ఒక భేదాన్ని స్పష్టం చేసుకోవాలి. బాధ గాని, గడ్డ గాని, రక్తస్రావం గాని కలిగి వైద్యుని వద్దకు పోయిన రోగికి చేసేది రోగనిర్ధారణ పరీక్ష. దానికి వెనుదీయరాదు, ఆలస్యమూ చేయరాదు. ఏ లక్షణమూ లేని ఆరోగ్యవంతులను పిలిచి చేసేది ముందస్తు పరీక్ష. మా విమర్శ అంతా ఈ రెండవదానికి సంబంధించినది. రోగి తనంత తాను వచ్చి సహాయం అడుగుతాడు. ఆరోగ్యవంతుని మనం పిలుస్తున్నాము. పిలిచినవారికి బాధ్యత ఎక్కువ.

ముందస్తు పరీక్ష గొప్పదని చెప్పేవారు సాధారణంగా చూపే రుజువు ఒకటున్నది. “పరీక్షలో బయటపడిన రోగులు ఇన్ని సంవత్సరాలు బ్రతికారు, లక్షణాలతో వచ్చినవారు అంతకంటె తక్కువ కాలం బ్రతికారు” అంటారు. వినడానికి ఇది తిరుగులేని వాదం వలె ఉంటుంది. కాని విజయవాడ నుండి సికింద్రాబాదుకు పోయే రైలులో టిక్కెట్టు లేని ప్రయాణికుడొకడు ఉన్నాడనుకుందాము. తనిఖీ అధికారి అతనిని కాజీపేటలో పట్టుకుంటే, పట్టుబడిన తరువాత అతని ప్రయాణం కొద్ది గంటలే. ఖమ్మంలో పట్టుకుంటే అంతకంటె ఎక్కువ గంటలు. అంతమాత్రాన రైలు సికింద్రాబాదు చేరే వేళ మారిందా? లేదు. మనం గడియారం చూడటం మొదలుపెట్టిన చోటు మారింది, అంతే. రోగం తెలిసిన నాటినుండి ఆయుష్షు లెక్కించడంలో ఉన్న మోసం ఇదే. మరణించే దినం మారకపోయినా, ముందుగా తెలిసినందువల్ల “బ్రతికిన కాలం” పొడవుగా కనిపిస్తుంది.

రెండవ మోసం మరింత సూక్ష్మమైనది. ఏడాదికొకసారి ఇంటి తలుపు తట్టి చూసేవానికి నెలల తరబడి మకాం వేసిన చుట్టమే కనిపిస్తాడు గాని, మూడు రోజులుండి పోయినవాడు కనిపించడు. క్యాన్సర్లలో కూడా మందకొడిగా పెరిగేవి ఉన్నవి, శరవేగంతో పెరిగేవి ఉన్నవి. నిర్ణీత వ్యవధిలో చేసే పరీక్షకు మందకొడివే ఎక్కువగా చిక్కుతవి. అవి సహజంగానే తక్కువ ప్రాణాంతకమైనవి. వాటిలో కొన్ని మనిషి వేరొక కారణంతో వృద్ధాప్యంలో కన్నుమూసే వరకు ఏ హానీ చేయకుండా ఉండిపోయేవే. అటువంటి దానిని వెదకి పట్టి కోసి తీసి “ప్రాణం కాపాడాము” అనడం, కొండను తవ్వి ఎలుకను పట్టి, పులిని చంపామని చాటుకోవడమే.

అయితే సరియైన కొలత ఏది? ఒకే రకమైన రెండు పెద్ద సమూహాలను తీసుకొని, ఒకదానిని పరీక్షకు పిలిచి, మరొకదానిని మామూలుగా ఉంచి, కొన్ని సంవత్సరాల తరువాత రెండింటిలో ఆ రోగంతో మరణించినవారిని లెక్కించాలి. ఎంతమందిలో రోగం బయటపడిందని కాదు, బయటపడినవారు ఎన్నాళ్లు బ్రతికారనీ కాదు. పిలిచిన మొత్తం సమూహంలో ఎంతమంది మరణించారన్నదే ప్రశ్న. చెప్పడానికి సులభం, చేయడం దుర్లభం. ఎందుకంటే వేలాది మనుషుల పేర్లు, వయస్సులు, చిరునామాలు ముందే చేతిలో ఉండాలి. వారు ఏ వైద్యుని వద్దకు పోయినా తెలియాలి. సంవత్సరాల తరబడి జాడ తప్పకూడదు. ఇన్ని వసతులు ఒక్కచోట దొరికేది ఎక్కడ? ఆరోగ్య బీమా సంస్థ ఖాతాలో.

ఈ రహస్యాన్ని మొదట గ్రహించినవారు న్యూయార్క్ నగరంలోని ముగ్గురు. గణాంకవేత్త శామ్ షపైరో, ఎక్స్‌రే వైద్యుడు ఫిలిప్ స్ట్రాక్స్, శస్త్రవైద్యుడు లూయీ వెనెట్. వీరిలో స్ట్రాక్స్ తన భార్యను రొమ్ము క్యాన్సర్ వల్లనే కోల్పోయినవాడు. అయినా ఆయన తన దుఃఖాన్ని రుజువుగా చూపలేదు, రుజువు కోసం వెదికాడు. ఆ నగరంలో 1947 నుండి సేవలందించిన ‘హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్’ అనే బీమా సంస్థ సభ్యుల జాబితా వారికి ఆధారమైంది. 40 నుండి 64 సంవత్సరాల వయస్సు గల సుమారు 62,000 మంది స్త్రీలను, చీటీలు వేసి పంచినట్లు, రెండు సమాన భాగాలు చేశారు. 1963 డిసెంబరులో పని మొదలైంది. ఒక భాగంలోని 31,000 మందిని మామోగ్రఫీకి, వైద్యుని చేతి పరీక్షకు ఏటేటా నాలుగు సార్లు పిలిచారు. రెండవ భాగంలోని 31,000 మందికి ఎప్పటి వైద్యమే అందింది.

ఐదు సంవత్సరాల తరువాత లెక్క చూశారు. పిలిచిన భాగంలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 39, పిలవని భాగంలో 63. ఆనాటి యంత్రాలు నేటివాటితో పోలిస్తే మొరటువే. అయినా తేడా కన్నులకు కట్టినట్లు కనిపించింది. ముందస్తు పరీక్ష వలన క్యాన్సర్ మరణాలు తగ్గగలవని పంచిన సమూహాలతో తొలిసారి తేలిన సందర్భమిది.

ఈ అధ్యయనంలో మాకు అంతకంటె విలువైనదిగా తోచినది మరొకటున్నది. పిలిచిన 31,000 మందిలో అందరూ రాలేదు. 20,200 మంది వచ్చారు, 10,800 మంది రాలేదు. ఆ రెండు తెగల లెక్కలను వేరువేరుగా చూడండి. రొమ్ము క్యాన్సర్ కాక మిగిలిన అన్ని కారణాల వల్ల మరణించినవారు, వచ్చినవారిలో 428 మంది, రానివారిలో 409 మంది. అనగా వేయింటికి వరుసగా 21, 38. రొమ్మును ఎక్స్‌రే తీసినందువల్ల గుండెపోటు తగ్గుతుందా? ప్రమాదాలు తగ్గుతవా? ఎన్నటికీ కాదు. పరీక్షకు వచ్చినవారు మొదటినుండీ వేరే రకం మనుషులు. కొంచెం చదువు, కొంచెం కలిమి, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారు. రానివారు మొదటినుండీ కష్టాలలో ఉన్నవారు. వచ్చినవారిని రానివారితో పోల్చితే పరీక్ష మహిమ కాదు, మనుషుల స్థితిగతుల భేదమే కనిపిస్తుంది.

విచిత్రమేమంటే ఈ దోషం ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగదు. రొమ్ము క్యాన్సర్ మరణాలనే చూస్తే, వచ్చినవారిలో వేయింటికి 1.1, రానివారిలో 1.5, అసలు పిలవని భాగంలో 2.0. పరీక్షకు రాని స్త్రీలకు పిలవని స్త్రీల కంటె కూడ తక్కువ మరణాలా? కారణమున్నది. తక్కువ మంది పిల్లలను, అదీ ఆలస్యంగా కనే సంపన్న స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువ. రానివారిలో పేదలు ఎక్కువ గనుక వారికి ఈ ఒక్క రోగం తక్కువ. కాబట్టి వచ్చినవారిని రానివారితో పోల్చి ఉంటే, ఒక లెక్కలో పరీక్ష ప్రయోజనం కొండంతగా కనిపించేది, మరొక లెక్కలో ఆవగింజంతగా కనిపించేది. నిజం రెండింటిలోనూ లేదు. పిలిచిన మొత్తాన్ని పిలవని మొత్తంతో పోల్చినప్పుడే నిజం బయటపడింది. విద్యార్థులారా, మీరు ఏ శాస్త్రం చదువుతున్నా ఈ ఒక్క పాఠం జ్ఞాపకం ఉంచుకొనండి. ఎవరు వచ్చారని మాత్రమే అడగవద్దు, ఎవరు రాలేదని కూడా అడగండి.

నేడు బీమా ఖాతాలు వెనుకటి చిట్టాలు కావు. కోట్లాది క్లెయిములు కంప్యూటర్లలో ఉన్నవి. వాటిని తిరగేసి, ఏ పరీక్ష ఎంత పనిచేస్తున్నదో చెప్పవచ్చునని చాలామంది ఉత్సాహపడుతున్నారు. ఆ ఉత్సాహం తప్పు కాదు. కాని క్లెయిము అంటే ఏమిటో మరువరాదు. అది డబ్బు ఎందుకు చెల్లించామో చెప్పే కాగితం. పరీక్ష ఎందుకు చేశారో అది అన్ని వేళలా చెప్పదు. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన స్త్రీకి చేసిన మామోగ్రఫీ, ఏ బాధా లేని స్త్రీకి చేసిన మామోగ్రఫీ ఖాతాలో ఒకే పద్దుగా పడిపోవచ్చును. అప్పుడు రోగం ఉన్నవారే “పరీక్ష చేయించుకున్నవారి” వరుసలో చేరి, పరీక్ష వల్లనే మరణాలు ఎక్కువైనట్లు భ్రమ కలుగుతుంది. ఖాతా అబద్ధం చెప్పదు, అడగని ప్రశ్నకు బదులూ చెప్పదు.

ఈ చిక్కులను తెలిసి జాగ్రత్తగా నడిచిన పండితులు కూడా ఉన్నారు. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం నడిపే బీమా మెడికేర్. దాని ఖాతాలలో 2000 నుండి 2008 వరకు గల పది లక్షలకు పైబడిన స్త్రీల వివరాలను తీసుకొని, నిజంగా చీటీలు వేసి పంచినట్లయితే ఏమి జరిగేదో దానికి దగ్గరగా వచ్చేటట్లు లెక్క కట్టారు. అందరూ 70 నుండి 84 సంవత్సరాల వారు, అంతకు పూర్వం మామోగ్రఫీ చేయించుకున్నవారే. దానిని కొనసాగించినవారిని, మానుకున్నవారిని పోల్చి 2020లో ఫలితం ప్రకటించారు. 70 నుండి 74 ఏండ్ల వారిలో కొనసాగించినందువల్ల ఎనిమిదేండ్లలో వేయి మందికి సుమారు ఒక రొమ్ము క్యాన్సర్ మరణం తగ్గవచ్చునని తేలింది. 75 దాటినవారిలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. అంటే ఒకే పరీక్ష ఒక వయస్సులో కొంత మేలు, మరొక వయస్సులో శ్రమ మాత్రమే. ప్రకటనలు ఈ వయోభేదం చెప్పవు, ఖాతా చెప్పింది.

ఇక దక్షిణ కొరియా కథ వినదగినది. అక్కడ జాతీయ ఆరోగ్య బీమా ప్రజలందరికీ ఉన్నది. 1999 నుండి ప్రభుత్వం కొన్ని క్యాన్సర్లకు ముందస్తు పరీక్షలు ఆరంభించింది. ఆ జాబితాలో థైరాయిడ్ లేదు. కాని ఆస్పత్రులు “మరికొంత సొమ్ము చెల్లిస్తే మెడ మీద కూడా స్కానింగు చేస్తాము” అన్నవి. జనం వేలం వెర్రిగా చేయించుకున్నారు. ఫలితంగా 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993 నాటికంటె పదిహేను రెట్లు పెరిగినవి. ఆ ఒక్క సంవత్సరంలోనే 40,000 మందికి పైగా “రోగులు” అయ్యారు. మరణాలో? ఏటా మూడు నాలుగు వందలు. ఆ సంఖ్య తగ్గనూ లేదు, పెరగనూ లేదు. రోగులు పదిహేను రెట్లు పెరిగి మరణాలు ఉన్నచోటనే ఉంటే, ఆ కొత్త రోగులలో అత్యధికులు అసలు రోగులే కారని అర్థం.

దాని మూల్యం ఎంతో చెప్పినది కూడా బీమా ఖాతానే. శస్త్రచికిత్స జరిగిన 15,000 మందికి పైగా కొరియనుల క్లెయిములు పరిశీలించగా, 11 శాతం మందికి శరీరంలో కాల్షియాన్ని నిలిపే గ్రంథులు దెబ్బతిన్నవి, 2 శాతం మందికి స్వరతంతువుల పక్షవాతం వచ్చింది. గ్రంథి పోయినవారిలో అత్యధికులు జీవితాంతం మాత్రలు మింగవలసినవారే. పాట పాడుకొనే గొంతు, పాఠం చెప్పే గొంతు, బిడ్డను పేరు పెట్టి పిలిచే గొంతు, ఎన్నడూ హాని చేయబోని ఒక చుక్క కోసం బలియైనవి. 2014 మార్చిలో ఎనిమిది మంది వైద్యులు బహిరంగంగా ఈ ఆచారాన్ని ఖండించారు. పత్రికలు వంత పాడినవి. ఒక్క సంవత్సరంలో ఆ శస్త్రచికిత్సలు 35 శాతం తగ్గినవి. ఎనిమిది మంది నిజం చెబితే ఇంత జరుగుతుంది. మన విద్యావంతులు ఈ సంగతి గమనించవలెను.

ఇది విని “అయితే పరీక్షలన్నీ దండుగే” అని తీర్మానించేవారు కూడా తొందరపడినవారే. అదే కొరియా దేశపు ఖాతాలు కడుపు క్యాన్సర్ విషయంలో మరొక కథ చెప్పినవి. ఆ జాతీయ కార్యక్రమంలో ఎండోస్కోపీ గాని, బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే గాని చేయించుకోవచ్చును. కడుపు క్యాన్సర్‌తో మరణించిన 54,000 మందికి పైగా వ్యక్తులను, బ్రతికి ఉన్న వారి సాటివారితో పోల్చి 2017లో ఒక అధ్యయనం వెలువడింది. ఎండోస్కోపీ చేయించుకున్నవారిలో మరణావకాశం సుమారు సగానికి తక్కువగా కనిపించింది. ఎక్స్‌రే చేయించుకున్నవారిలో దాదాపు ఏ భేదమూ లేదు. పరీక్షకు వచ్చినవారు సహజంగానే శ్రద్ధ గలవారు కదా అన్న అభ్యంతరం ఇక్కడ కొంత బలహీనపడుతుంది. శ్రద్ధ ఒక్కటే కారణమైతే ఎక్స్‌రే వారికి కూడా మేలు కనిపించాలి గదా! కాబట్టి ఖాతాలు నిందను మాత్రమే కాదు, మెప్పును కూడా పంచగలవు. తక్కెడ ఒక్కటే, పట్టే చెయ్యి నిలకడగా ఉండాలి.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైంది. 2018లో కేంద్రప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ పథకం తెచ్చింది. పేదవానికి పెద్ద ఆస్పత్రి గడప తొక్కే ధైర్యం కలిగించిన పథకాలివి. వాటి మేలును మేము తక్కువ చేయము. కాని ఇవి ప్రధానంగా ఆస్పత్రిలో చేరిన తరువాత అయ్యే చికిత్సకు డబ్బు చెల్లించే ఏర్పాట్లు. మన బీమా ఖాతా మనిషి పడిపోయిన చోట మొదలవుతుంది. అతడు నడుస్తూ ఉన్న దినాలు అందులో లేవు. మేము పైన చెప్పిన ఇద్దరు తల్లులను తిరిగి జ్ఞాపకం చేసుకుంటే ఈ లోపం తేటపడుతుంది. జర్దా అలవాటున్న ఆమె శస్త్రచికిత్స ఖాతాలో ఒక పద్దుగా ఉన్నది. ఆమెను ముందుగా ఎవరైనా పిలిచారా, పిలిస్తే ఎందుకు రాలేదు అన్న గడి అందులో లేదు. మొదటి తల్లి పడిన భయం, చేసిన అప్పు ఏ ఖాతాలోనూ లేవు.

ప్రభుత్వం 30 సంవత్సరాలు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ముందస్తు పరీక్షలు జరపాలని 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆచరణ ఎంత? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎన్నడైనా జరిగినవారు 1.9 శాతం, రొమ్ము పరీక్ష 0.9 శాతం, నోటి పరీక్ష 0.9 శాతం. ఇక మరణాల లెక్క చూస్తే, 2020లో నమోదైన మరణాలలో కారణాన్ని వైద్యుడు ధ్రువీకరించినవి నాలుగవ వంతు కంటె తక్కువ. పరీక్ష ఎవరికి జరిగిందో తెలియదు, ఎవరు దేనితో మరణించారో తెలియదు. మధ్యలో చికిత్సకు ఎంత ఖర్చయిందో మాత్రం పైసలతో సహా తెలుసు. మొదలూ తుదీ లేని గ్రంథంలో నడిమి పుట చదివి కథ చెప్పగలమా?

మన నేల మీద మంచి రుజువు పుట్టదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో భాగమైన ఉస్మానాబాద్ జిల్లా ఇప్పుడు మహారాష్ట్రలో ధారాశివ్‌గా పిలువబడుతున్నది. అక్కడ 1999లో గ్రామాలను 52 సమూహాలుగా చేసి, 30 నుండి 59 సంవత్సరాల వయస్సు గల 1,31,746 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలతో ఒక అధ్యయనం ఆరంభించారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్.పి.వి. క్రిమి ఉన్నదో లేదో జీవితంలో ఒక్కసారి పరీక్షించి, ఉన్నవారికి చికిత్స చేసినందువల్ల ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గినవని 2009లో తేలింది. పరీక్ష జరిగిన సమూహంలో 34 మరణాలు, పరీక్ష జరగని సమూహంలో 64. పరీక్ష లేకుండా ఉంచిన స్త్రీల విషయంలో ఇది నైతికమా అన్న విమర్శ కూడా తరువాత వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. ఇంత స్పష్టమైన ఫలితం చేతికి వచ్చి పదేండ్లు గడిచినా, 2019–21 సర్వే నాటికి నూటికి ఇద్దరికైనా పరీక్ష అందించలేకపోవడం మాత్రం అంతకంటె పెద్ద నైతిక ప్రశ్న అని మా అభిప్రాయం.

మేము కోరేది ఏమిటి? మొదటిది, ప్రభుత్వాలు బీమా ఖాతాలో పరీక్షకు కూడా ఒక వరుస చేర్చాలి. పిలిచిన తేది, వచ్చిన తేది, రాకపోతే ఆ సంగతి, ఫలితం, తరువాతి చికిత్స, చివరకు మరణమైతే దాని కారణం. రెండవది, సిబ్బంది చాలక అన్ని మండలాలలో ఒకేసారి ఆరంభించలేనప్పుడు, ఏ మండలం ముందు, ఏ మండలం వెనుక అన్నది సిఫారసులతో కాక చీటీలు వేసి నిర్ణయించాలి. ఎవరికీ శాశ్వతంగా అన్యాయం జరగదు, అందరి వంతూ వస్తుంది. ముందు వెనుకల మధ్య వ్యవధి మనకు నమ్మదగిన కొలత అవుతుంది. న్యూయార్క్‌లో చేసినది మన మండలాలలో చేయరాదా? మూడవది, ఈ వివరాలు అమానత్. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన సొత్తు. వాటిని మందుల కంపెనీకి గాని, వ్యాపారానికి గాని అమ్ముకోవడం ఖియానత్ అవుతుంది. పేర్లు తీసివేసి, లోకహితానికి మాత్రమే వాడాలి.

కళాశాల పాలకవర్గ పెద్దలకు మా విన్నపం ఒకటున్నది. శిబిరాలు మానమని మేము అనము. ఈసారి శిబిరం జరిపే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ పరీక్ష వలన మరణాలు తగ్గినట్లు రుజువున్నదా? ఏ వయస్సువారిలో? ఫలితంలో అనుమానం వస్తే ఆ మనిషిని తీసుకొనిపోయే ఆస్పత్రి, వైద్యుడు ముందే నిర్ణయమైనారా? స్త్రీలను చూడటానికి స్త్రీ వైద్యులు, నర్సులు ఉన్నారా? ఈ నాలుగింటికీ బదులు లేని పరీక్షను ఎంత ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. అది ఉచితం కాదు, దాని ఖరీదు తరువాత ఆ ఇల్లు చెల్లిస్తుంది. నోరు చూడటం, చేతితో రొమ్ము పరీక్షించడం, గర్భాశయ ముఖద్వార పరీక్ష – ఆర్భాటం లేని ఈ మూడింటిని ప్రభుత్వ ఆరోగ్యకేంద్రం సిబ్బందితో కలిసి సక్రమంగా చేస్తే చాలును.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాము. జాతీయ సేవా పథకం స్వచ్ఛంద సేవకులు శిబిరానికి ముందే వీధి వీధికి పోయి 30 దాటినవారి జాబితా వ్రాయాలి. శిబిరం ముగిసిన తరువాత వచ్చినవారి పేర్లు కాదు, రానివారి పేర్లు చదవాలి. వారి ఇంటికి పోయి, నిందించకుండా, ఎందుకు రాలేదో అడగాలి. కూలి పోతుందనా, పర్దా వల్లనా, భయం వల్లనా, ఎవరూ చెప్పలేదా? ఉర్దూ తెలిసినవారు ఉర్దూలో, తెలుగు తెలిసినవారు తెలుగులో మాట్లాడాలి. రెండు భాషలూ చదివే మన కళాశాలకు ఈ పనికి తగిన అర్హత ఉన్నది. ఆ నోటు పుస్తకం మన కళాశాల బీమా ఖాతా అవుతుంది. అందులో లాభనష్టాలుండవు, మనుషులుంటారు.

వచ్చే సంచికలో శిబిరానికి ఎంతమంది వచ్చారన్న నివేదికతో పాటు, ఎంతమంది రాలేదు, అనుమానం వచ్చినవారిలో ఎంతమంది చికిత్స వరకు చేరారు, ఎంతమంది అనవసరంగా భయపడ్డారు అన్న మూడు అంకెలు కూడా అచ్చు కావాలని మా కోరిక. ఆ మూడు అంకెలు చిన్నవైనా, పెద్దవైనా, మనకు సిగ్గు కలిగించేవైనా సరే. వాటిని వ్రాసుకునే ధైర్యం ఉన్ననాడే మనం ఆ ఇద్దరు తల్లుల ముఖాలు చూడగలము.